మనసు బాగోలేనప్పుడు చేతికి పని: విద్యార్థులకు కొన్ని సూచనలు

నేను యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను. "మనసేం బాగోలేదు మేడమ్" అంటూ వచ్చే పిల్లలకు బొమ్మలో, రాతలో ఏదో ఒకటి మొదలుపెట్టమంటాను. అయితే అందరికీ అన్ని వేళలా ఒకటే పనిచేయదు.

పరీక్షల టెన్షన్‌తో గుండె దడదడలాడుతుంటే తెల్లకాగితం ముందేసుకుని కూర్చోకండి. ఏం గీయాలో తోచక కంగారు పెరుగుతుంది. ముందే గీతలున్న బొమ్మ తీసుకుని రంగులు నింపండి. 2005లో కర్రీ, కాసర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. మండలాలనే గుండ్రటి డిజైన్లకో గళ్ల డిజైన్‌కో రంగులేసినవాళ్లకు ఆందోళన బాగా తగ్గింది. ఖాళీ కాగితం ఇచ్చినవాళ్లకు అంతగా తగ్గలేదు.

ఎవరికీ చెప్పుకోలేని బాధ ఉంటే మాత్రం రాయండి. రోజుకు 15 నిమిషాలు, వరుసగా 4 రోజులు. 1986లో పెన్నెబేకర్, బీల్ అనే పరిశోధకులు విద్యార్థులతో చేయించిన పద్ధతి ఇదే. జరిగిన సంగతితో పాటు అప్పుడు తమకేమనిపించిందో కూడా రాసినవాళ్లు, తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు మరింత బరువెక్కింది. మీకూ అలా అనిపిస్తే భయపడకండి. అందుకే పడుకునే ముందు రాయొద్దంటాను, రాశాక కాసేపు నడిచి రండి. తప్పులు దిద్దకండి. కాగితం దాచుకుంటారో చించేస్తారో మీ ఇష్టం. రాస్తున్నకొద్దీ తట్టుకోలేకపోతుంటే అక్కడితో ఆపేయండి.

ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను: చేసినదాన్ని ఫోన్‌లో పోస్ట్ చేయకండి. లైకులు చూసుకోవడం మొదలైతే అదీ ఇంకో పరీక్షే అవుతుంది. బాగా బొమ్మలు వేసేవాళ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ, ప్రతి గీతలోనూ లోపం కనిపిస్తుంది. వాళ్లను తమకు రాని పనేదైనా చేయమంటాను, పాటో మట్టిబొమ్మో. బాగా రావాలన్న పట్టుదల అక్కడ ఉండదు. నలుగురితో కలిసి పాడటం, నాటకం వేయడం ఒంటరితనానికి మంచి మందు.

వారాల తరబడి నిద్ర పట్టకపోతే రంగులు, రాతలు చాలవు, కౌన్సెలర్‌ను కలవండి. బతకాలనిపించకపోతే అదే రోజు, ఆ క్షణమే ఎవరికైనా చెప్పండి. ఒక్కరే వెళ్లలేకపోతే స్నేహితుల్ని తోడు తీసుకెళ్లండి. అక్కడ నోరు పెగలకపోతే, మీరు రాసుకున్న కాగితం వాళ్ల చేతికిచ్చినా చాలు.