పాత లారీ గేర్ బాక్స్ చప్పుడు వెతికే ముందు జాగ్రత్తలు

• బండిని చదునైన నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మెలు పెట్టండి. గేర్‌లో ఉంది, కదలదులే అనుకోవద్దు. పరీక్ష జరిగేదే న్యూట్రల్‌లో.

• జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు.

• ఇంజన్ ఆడుతుంటే బండి కింద ఎవరూ ఉండకూడదు. లుంగీ, మెడలో తువ్వాలు అస్సలు వద్దు. తిరిగే షాఫ్ట్‌కు గుడ్డ కొస చిక్కితే మనిషినే లాగేస్తుంది.

• షెడ్డులో అయితే తలుపులు బార్లా తెరవండి, పొగ నిలవకూడదు.

• క్లచ్ తొక్కడానికి ఇంకో మనిషి ఉండాలి. న్యూట్రల్‌లో కాలు తీస్తే మోగి, తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పే బలాన్ని గేర్ బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్ మీద అనుమానం. తొక్కితేనే మోగితే ముందు రిలీజ్ బేరింగ్ (తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కి విడదీసేది) చూడాలి. ఈ తేడా చూడకుండా నేనొకసారి గేర్ బాక్స్ దించేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

• గేర్ బాక్స్ ఆయిల్ తీసే ముందు, ఆయిల్ పోసే పై బోల్ట్ ఊడుతుందో లేదో చూసుకోండి. పాత బండ్లలో అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. కింది బోల్ట్ తీసి ఆయిల్ వదిలేశాక పైది రాకపోతే బండి అక్కడే!

• ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడే తీయండి, వేడిది చెయ్యి కాలుస్తుంది. తెల్ల గుడ్డలో వడకట్టండి. అయస్కాంతం పెట్టి చూడండి. దానికి నల్లటి మెత్తని ముద్ద అంటుకుంటే మామూలే. గోరంత ఇనుప ముక్క దొరికితే మాత్రం బండి కదపొద్దు. ఇత్తడి పొడి అయస్కాంతానికి అంటదు, గుడ్డ మీద పసుపుగా మెరుస్తుంది. అది సింక్రో రింగుల (గేరు మెత్తగా పడేలా వేగాలు కలిపే ఇత్తడి రింగుల) అరుగుదల.