నెపోలియన్ పవర్‌లోకి ఎలా వచ్చాడో గుర్తుండిపోయేలా చదవాలంటే

సివిల్స్‌కో గ్రూప్స్‌కో వరల్డ్ హిస్టరీ చదివేవాళ్ళు నెపోలియన్ దగ్గరకి రాగానే యుద్ధాల లిస్టు బట్టీ పట్టేస్తారు, నేనూ అదే పని చేశా, రెండు వారాలకి ఒక్కటీ మిగల్లేదు. తర్వాత ఒకటే ప్రశ్న పట్టుకుని చదివా: సైన్యాన్ని ఎవరు పిలిచారు?

ముందు ఆయన్ని పక్కనపెట్టి డైరెక్టరీ, అంటే విప్లవం తర్వాత ఫ్రాన్స్‌ని నడిపిన ప్రభుత్వం గురించి చదవండి. పైన ఐదుగురు డైరెక్టర్లు, కింద రెండు సభలు, ఖజానా ఖాళీ, ఒక పక్క రాజు కావాలనేవాళ్ళు ఇంకో పక్క విప్లవంలో అతివాదులైన జాకొబిన్లు. ఇప్పుడు నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాసుకోండి.

1795 అక్టోబర్ 5, డైరెక్టరీ ఇంకా మొదలవ్వలేదు, పారిస్‌లో రాజు మనుషులు తిరగబడితే తర్వాత డైరెక్టర్ అయిన బరాస్ పిలిచాడు, నెపోలియన్ ఫిరంగులు పేల్చాడు. 1797 సెప్టెంబర్, ఎలక్షన్లలో రాజు మనుషులు గెలిచేసరికి డైరెక్టర్లే సైన్యంతో ఆ రిజల్ట్ రద్దు చేయించారు, ఇటలీలో ఉన్న నెపోలియన్ ఆ పనికి తన జనరల్ ఓజెరోని పంపాడు. మూడోసారి 1799, ఈసారి పిలిచింది డైరెక్టర్లలో ఒకడైన సియేస్, ఆ ప్రభుత్వాన్నే కూలదోయడానికి, అది కూడా మొదట జుబేర్ అనే జనరల్‌ని అనుకుంటే ఆగస్టులో నోవీ యుద్ధంలో ఆయన చనిపోయాడు. అప్పుడే ఈజిప్టులో సైన్యాన్ని వదిలేసి మనోడు దిగాడు. అక్కడ ఫ్రెంచ్ నౌకాదళాన్ని బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ముంచేసినా జనం హారతి పట్టారంటే నాకిప్పటికీ మింగుడుపడదు, ఇటలీలో ఉన్నప్పుడే సొంతంగా పేపర్లు పెట్టించుకుని తన గురించి రాయించుకున్నాడు లెండి.

నవంబర్ 9, 10 మాత్రం నిదానంగా చదవండి. జాకొబిన్ల కుట్ర అని పుకారు లేపి సభల్ని పారిస్ బయట సాన్-క్లూకి మార్చారు, రెండోరోజు నెపోలియన్ సభలోకి వెళ్తే సభ్యులు మీద పడ్డారు, సిపాయిలే బయటికి లాక్కొచ్చారు. పరువు కాపాడింది తమ్ముడు లూసియెన్, ఆ సభకి అధ్యక్షుడు ఆయనే, బయటికొచ్చి లోపల కత్తులు పట్టుకున్నవాళ్ళు సభని బెదిరిస్తున్నారని సిపాయిలకి చెప్పాడు, నెపోలియన్ వైపు జనరల్ మ్యూరా హాలు ఖాళీ చేయించాడు. మిగిలిన కొద్దిమందితో రాత్రికి డైరెక్టర్ల బదులు దేశాన్ని నడిపేది ముగ్గురు కాన్సుల్స్ అని ఓటేయించారు, అందులో నెపోలియన్, సియేస్ ఇద్దరూ ఉన్నారు. డిసెంబర్‌లో వచ్చిన కొత్త రాజ్యాంగానికల్లా సియేస్ సైడైపోయాడు.

తర్వాత ఆ రాజ్యాంగం మీద పెట్టిన రెఫరెండంలో 30 లక్షలకి పైగా అవును, 1562 కాదు అన్నారు, ఆ లెక్క పెంచి చూపించింది హోం మంత్రైన అదే లూసియెన్. 1802లో జీవితకాల కాన్సుల్, 1804లో చక్రవర్తి, ఈ రెండూ ఒక లైన్‌లో రాస్తే చాలు.

రేపు పుస్తకం మూసి ఆ మూడు లైన్లు రాయండి, జుబేర్ పేరు గుర్తొచ్చిందో లేదో చూసుకోండి.