మైకుకి చెప్పి తెలుగు రాయించడం

మా చెన్నై పెరంబూరులో మే నెలలో ఫ్యాను ఆపి పని చేయమంటే ఎవరి తరమూ కాదు. అందుకే ముందు మైకు సంగతి. ల్యాప్‌టాప్‌లోని మైకుకి మన గొంతూ, ఫ్యాను గాలీ, కుక్కరు విజిలూ, వీధిలో ఆకుకూరలమ్మి కేకా అన్నీ ఒకటే. ఓ మామూలు హెడ్‌సెట్ కొనుక్కోండి. దాని మైకుని నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివర, రెండు వేళ్ల ఎడంలో ఉంచండి. ఎదురుగా ఉంటే ప, భ పలికినప్పుడల్లా ఊపిరి దానికి కొట్టుకుంటుంది.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ నొక్కి, మైకు బొమ్మకి పైన ఉన్న భాషల జాబితాలో తెలుగు ఎంచుకోండి. గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగుని చేర్చింది 2017లో. మైకు వాడుకోనా అని బ్రౌజరు అడిగితే సరేననండి. బొమ్మ ఎర్రబడిందంటే వింటున్నట్టే. నెట్ ఉండాలి.

మాట మాటకీ ఆగకండి. పక్క మాటల్ని బట్టే అది పోల్చుకుంటుంది కాబట్టి, వాక్యం మనసులో కూర్చుకుని ఒక్క ఊపున చెప్పేయండి. చుక్కలూ కామాలూ మాత్రం చేత్తోనే. ఇంగ్లీషులో నోటితో చెబితే పడతాయి, తెలుగుకి ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. తప్పు పడితే మైకు ఆపక్కర్లేదు, కర్సర్ అక్కడ పెట్టి దిద్దుకోవచ్చు. నేనైతే పేరా పూర్తయ్యేదాకా తెర వంకే చూడను. చూస్తే చెప్పేది కాస్తా మర్చిపోతాను.

అసలు తంటా పేర్లతో. గుమ్మిడిపూండి అనే ఊరి పేరు ఎంత స్పష్టంగా పలికినా ఒక్కోసారి ఒక్కో రకంగా పడుతుంది. దాంతో కుస్తీ పట్టే బదులు, ఆ వ్యాసంలో ఇంకెక్కడా రాని తేలిక మాట ఒకటి వాడండి. నేను గుమ్మడికాయ అంటాను. మొత్తం అయ్యాక కంట్రోల్, హెచ్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో గుమ్మడికాయకి బదులు గుమ్మిడిపూండి అని ఇచ్చి అన్నిచోట్లా ఒకేసారి మార్చేస్తాను. గుమ్మడికాయలో, గుమ్మడికాయకి లాంటివి చక్కగా మారిపోతాయి. గుమ్మడికాయే అని ఉన్నచోట మాత్రం ఏత్వం గాల్లో వేలాడుతుంది, దాన్ని ముందే వెతికి చేత్తో మార్చుకోండి.