వీపీఎస్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్: డేటాసెట్లు, స్నాప్‌షాట్లు, ఇంటి దాకా బ్యాకప్

రాజమండ్రిలో మా ఇంట్లో కూర్చుని నేను చూసుకునే వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) ఒకటుంది. అందులో ఒక పాత పుస్తకాల షాపు ఆర్డర్ల సైటు, ఏళ్ల తరబడి పోగుచేసిన పాత పత్రికల స్కాన్లు, నాలుగైదు మెయిల్ ఖాతాలు ఉన్నాయి. డెబియన్ 12, 4 జీబీ ర్యామ్, విడిగా తగిలించిన 160 జీబీ వాల్యూమ్. ఆ వాల్యూమ్ మొత్తాన్నీ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కి పూల్‌గా, అంటే నిల్వ చోటుగా ఇచ్చాను.

పూల్‌లో సొంత సెట్టింగ్‌లు, సొంత స్నాప్‌షాట్లు ఉండే భాగాన్ని డేటాసెట్ అంటారు. మొదట్లో అన్నీ ఒకే డేటాసెట్‌లో పెట్టాను. ఒకరోజు స్కాన్ల ఫోల్డర్ ఒకటి పొరపాటున చెరిపేసి, దాన్ని తేవడానికి పొద్దుటి స్నాప్‌షాట్‌కి (ఆ క్షణంలో డేటాసెట్ ఎలా ఉందో పట్టి ఉంచిన రూపం) రోల్‌బ్యాక్ చేశాను, అంటే డేటాసెట్ మొత్తాన్నీ ఆ స్థితికి తిప్పాను. స్కాన్లు వచ్చాయి. డేటాబేస్ కూడా అక్కడే ఉంది కాబట్టి పొద్దున్నించి పడిన ఆర్డర్లన్నీ పోయాయి. షాపాయన ఫోన్ చేసి, "బాబూ, పదకొండు ఆర్డర్లకి మెసేజ్‌లొచ్చాయి, సైట్లో ఒక్కటీ కనపడట్లేదు" అన్నారు. ఆ మెసేజ్‌లు చూసుకుంటూ ఒక్కొక్కటీ చేత్తో మళ్లీ ఎక్కించాం. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. ఏదైతే మిగతావాటితో పని లేకుండా వెనక్కి తిప్పాల్సి రావచ్చో, దానికి సొంత డేటాసెట్ ఉండాలి.

ముందు మీ వీపీఎస్ కేవీఎం రకమో (సొంత కెర్నల్ ఉండేది) కాదో చూసుకోండి. కంటెయినర్ రకమైతే కెర్నల్ మాడ్యూల్ ఎక్కించే వీలుండదు, జెడ్‌ఎఫ్‌ఎస్ నడవదు. ఇంకోటి, ర్యామ్. డెబియన్ 12తో వచ్చే వెర్షన్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ క్యాష్ (ఏఆర్‌సీ) ర్యామ్‌లో సగం దాకా తీసుకుంటుంది. నా 4 జీబీ మెషీన్‌లో ఏఆర్‌సీ గరిష్ఠ పరిమితిని 1 జీబీకి కట్టేశాను. సెట్టింగ్‌లో అంకె బైట్లలో ఇవ్వాలి: 1073741824.

నా పూల్‌లో ఇప్పుడు డేటాబేస్, సైటు, స్కాన్లు, మెయిల్ అని నాలుగు డేటాసెట్లున్నాయి. అన్నిటికీ ఎల్‌జెడ్4 కంప్రెషన్ పెట్టేశాను, దాని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. రికార్డ్‌సైజ్ మాత్రం ఆలోచించాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైలుని రాసే బ్లాక్ గరిష్ఠ పరిమాణం అది, మామూలుగా 128 కేబీ. నా డేటాబేస్ మరియాడీబీ, దాని ఇన్నోడీబీ ఇంజిన్ డేటాని 16 కేబీ పేజీలుగా రాస్తుంది కాబట్టి డేటాబేస్ డేటాసెట్‌కి 16 కేబీ ఇచ్చాను. స్కాన్లు పెద్ద ఫైళ్లు, వాటికి 1 ఎంబీ. డేటా ఎక్కించకముందే ఈ పని చేయండి. తర్వాత మారిస్తే కొత్తగా రాసే ఫైళ్లకే వర్తిస్తుంది, పాతవి అలాగే ఉంటాయి.

జెడ్‌ఎఫ్‌ఎస్ పాత బ్లాక్ మీద తిరగరాయదు, మార్పుని కొత్త చోట రాస్తుంది. స్నాప్‌షాట్ పని ఆ పాత బ్లాకుల్ని వదలకుండా పట్టుకోవడమే. అందుకే తీయడం క్షణంలో అయిపోతుంది, అప్పటికి చోటూ తినదు. ఫైళ్లు మారేకొద్దీ, చెరిపేకొద్దీ తింటుంది. 20 జీబీ స్కాన్లు చెరిపినా డిస్క్ ఖాళీ కాలేదని కంగారు పడేవాళ్లని చూశాను. ఆ చోటు స్నాప్‌షాట్ల చేతిలో ఉంది. 'జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్' కమాండ్‌కి మైనస్ ఓ స్పేస్ తగిలిస్తే ఏ డేటాసెట్ స్నాప్‌షాట్లు ఎంత పట్టుకున్నాయో విడిగా కనపడుతుంది. స్నాప్‌షాట్లు చెరిపేముందు 'డిస్ట్రాయ్' పక్కన మైనస్ ఎన్‌వీ పెట్టి ఒకసారి నడపండి. ఏమీ చెరపకుండానే ఏవి పోతాయో, ఎంత చోటు వస్తుందో చెప్తుంది. ఈ అలవాటు దయచేసి మానుకోకండి. పూల్ 80 శాతం దాటకుండా చూసుకోండి, ఆపైన రాతలు నెమ్మదిస్తాయి.

ఇక రోల్‌బ్యాక్. ఒక్క ఫోల్డర్ కోసం అది అక్కర్లేదు. ప్రతి డేటాసెట్ మౌంట్ అయిన చోట 'డాట్ జెడ్‌ఎఫ్‌ఎస్' అనే దాగిన డైరెక్టరీ ఉంటుంది. లిస్టింగ్‌లో కనపడదు కానీ పేరు కొట్టి లోపలికి వెళ్లొచ్చు. అందులో 'స్నాప్‌షాట్' కింద ప్రతి స్నాప్‌షాటూ మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. కావలసిన ఫైలు కాపీ చేసుకుంటే పని అయిపోతుంది. ఆ రోజు నాకిది తెలిసుంటే ఆర్డర్లు పోయేవి కాదు. పైగా పాత స్నాప్‌షాట్‌కి రోల్‌బ్యాక్ చేయాలంటే మైనస్ ఆర్ పెట్టాలి, పెడితే దాని తర్వాత తీసినవన్నీ చెరిగిపోతాయి.

రోజువారీ పని, అంటే స్నాప్‌షాట్లు తీసి పాతవి చెరపడం, శానాయిడ్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగించాను. గంటవి 24, రోజువి 14, నెలవి 3 ఉంచుతుంది. డేటాబేస్ ఫైళ్లూ లాగ్ ఫైళ్లూ వేర్వేరు డేటాసెట్లలో ఉంటే రెంటినీ పై డేటాసెట్ మీద మైనస్ ఆర్‌తో ఒకే క్షణంలో తీయాలి. విడివిడిగా తీస్తే రెండూ ఒకదానితో ఒకటి పొసగవు.

స్నాప్‌షాట్లు ఎన్నున్నా ఇంతవరకూ మన దగ్గర బ్యాకప్ లేదు. అన్నీ ఆ ఒక్క వాల్యూమ్ మీదే ఉన్నాయి. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ భవనం కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్నవాళ్లకి రెండూ పోయాయి.

నా బ్యాకప్ మా ఇంట్లోని చిన్న మెషీన్. 2 టీబీ డిస్కులు రెండు, మిర్రర్ (రెంటిలోనూ ఒకే డేటా). ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరే చిరునామా) లేదు, సర్వర్ ఇక్కడికి పంపలేదు. కాబట్టి ఇంటి మెషీనే ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి లాక్కొస్తుంది. ఇదే మంచిదని తర్వాత అర్థమైంది. ఎవరైనా సర్వర్‌లోకి చొరబడినా ఇంటి బ్యాకప్‌ని తాకే తాళం అక్కడ దొరకదు. సర్వర్‌లో దీనికోసం వేరే యూజర్‌ని పెట్టి, 'జెడ్‌ఎఫ్‌ఎస్ అలౌ'తో సెండ్ (స్నాప్‌షాట్ పంపడం), హోల్డ్ (చెరగకుండా పట్టి ఉంచడం) అనుమతులు మాత్రమే ఇచ్చాను.

మొదటిసారి 90 జీబీ దిగడానికి రాత్రంతా పట్టింది. ఆ తర్వాత రోజూ 'సెండ్'కి మైనస్ పెద్ద ఐ పెట్టడంతో మార్పులు మాత్రమే వస్తాయి. అందుకు రెండు వైపులా ఉమ్మడి స్నాప్‌షాట్ ఒకటైనా ఉండాలి. సర్వర్‌లో అది చెరిగిపోతే మళ్లీ మొత్తం పంపాలి, అందుకే చివరిదానికి 'హోల్డ్' వేస్తాను. మాకు కరెంటు పోతూ ఉంటుంది, కనుక 'రిసీవ్'కి మైనస్ ఎస్ తప్పనిసరి. మధ్యలో తెగితే మిగిలే రెజ్యూమ్ టోకెన్‌ని సర్వర్‌లో సెండ్‌కి మైనస్ టీతో ఇస్తే ఆగిన చోటి నుంచి సాగుతుంది. ఇంట్లోని కాపీకి రీడ్‌ఓన్లీ పెట్టండి, లేకపోతే ఏ చిన్న మార్పు జరిగినా తర్వాతి రిసీవ్ మొరాయిస్తుంది.

2017 జనవరి 31న కోడ్ దాచే సేవ గిట్‌ల్యాబ్‌లో డేటాబేస్ డైరెక్టరీ పొరపాటున చెరిపినప్పుడు, వాళ్లు నమ్ముకున్న రోజువారీ డంప్‌లు వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో విఫలమవుతున్నాయని అప్పుడే బయటపడింది. ఆరు గంటల కిందట తీసిన ఒక స్నాప్‌షాట్ కాపాడింది. ఆ సంగతి చదివాక నెలకోసారి బ్యాకప్‌ని తెరిచి చూడటం మొదలుపెట్టాను.

డెబియన్ ప్యాకేజీ నెలలో రెండో ఆదివారం పూల్‌ని స్క్రబ్ చేస్తుంది, అంటే డేటా మొత్తం చదివి పాడైందేమో చూస్తుంది. సర్వర్‌లో ఒక్కటే డిస్క్ కాబట్టి అక్కడ పాడైన డేటా బ్లాక్ ఉంటే తెలుస్తుందే గానీ బాగుపడదు, ఇంటి మిర్రర్‌లో అయితే రెండో డిస్క్ నుంచి సరిచేస్తుంది. స్క్రబ్ అయ్యాక ఇంటి మెషీన్‌లో డేటాబేస్ తాజా స్నాప్‌షాట్‌ని క్లోన్ (రాయడానికి వీలైన కాపీ) చేసి, దాని మీద మరియాడీబీ నడిపి, చివరి ఆర్డర్ నంబరు చూస్తాను. షాపాయనకి ఫోన్ చేసి, "నిన్న రాత్రి ఆఖరి ఆర్డర్ నంబరెంతండీ?" అని అడుగుతాను. ఆయన రిజిస్టర్ తిరగేసి చెప్తారు. కలిస్తే క్లోన్ చెరిపేస్తాను.