నాస్ నిర్వహణ – 6వ పాఠం: వెబ్ పేజీ తెరుచుకోనప్పుడు

గత పాఠం వరకు ట్రూనాస్ (నాస్‌ని, అంటే నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు పంచే స్టోరేజ్ కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పనులన్నీ బ్రౌజర్‌లోనే చేశాం. ఇప్పుడు ఆ పేజీ తెరుచుకోవడం లేదు, షేర్లు (నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్లు) మాత్రం పనిచేస్తున్నాయి అనుకుందాం. చాలామంది వెంటనే రీబూట్ కొట్టేస్తారు. దయచేసి ఆగండి. రీబూట్ అయితే పూల్‌లోని (డిస్కులన్నీ కలిపి చేసిన స్టోరేజ్‌లోని) ఎర్రర్ లెక్కలు సున్నాకి వచ్చేస్తాయి. ఏ డిస్క్ ఇబ్బంది పెడుతోందో చెప్పే ఆధారం అక్కడితో పోతుంది.

వెబ్ పేజీ బాగున్న రోజునే ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌ నుంచి భద్రంగా లాగిన్ అయి ఆదేశాలు టైప్ చేసే పద్ధతి) దారి వేసి ఉంచుకోవాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 రకం కీ (పాస్‌వర్డ్ బదులు వాడే ప్రైవేట్, పబ్లిక్ ఫైళ్ల జత) చేసుకోండి. అందులో పబ్లిక్ కీని మాత్రమే నాస్‌లోని అడ్మిన్ యూజర్ సెట్టింగ్స్‌లో అతికించండి. సర్వీసెస్ పేజీలో ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేసి, బూట్‌తో పాటే మొదలయ్యేలా టిక్ పెట్టండి. పాస్‌వర్డ్ లాగిన్ వద్దు. కీ సరిగ్గా ఉన్నా లోపలికి రానివ్వకపోతే రెండు చోట్ల చూడండి: ఆ యూజర్‌కి రాయడానికి వీలున్న హోమ్ డైరెక్టరీ ఉందా, షెల్ (ఆదేశాలు తీసుకునే ప్రోగ్రామ్) 'నోలాగిన్' అని ఉండి లాగిన్‌ని ఆపేస్తోందా.

లోపలికి వెళ్లాక మొదట 'జెడ్‌పూల్ స్టేటస్' కొట్టండి (ఆదేశాలన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే). పూల్ 'ఆన్‌లైన్' అని ఉందని సంబరపడి వదిలేయకండి. ప్రతి డిస్క్ పక్కన రీడ్, రైట్, చెక్‌సమ్ (చదివిన డేటా రాసినదానితో సరిపోలని సార్లు) అని మూడు ఎర్రర్ అంకెలు ఉంటాయి. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. రీడ్, రైట్ రెండూ 0 ఉండి చెక్‌సమ్ ఒక్కటే పెరిగితే డిస్క్‌ని వెంటనే తప్పుపట్టలేం. కేబుల్, కంట్రోలర్, ర్యామ్‌లలో ఏదైనా కారణం కావచ్చు.

తేల్చుకోవడానికి 'స్మార్ట్‌సీటీఎల్'తో ఆ డిస్క్ స్మార్ట్ పట్టిక (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తెరవండి. సాటా డిస్కుల్లో 199వ వరుస (కేబుల్‌లో డేటా చెడిన సార్లు) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చండి. 5, 197, 198 వరుసల్లో (డిస్క్ మీద చెడిన చోట్ల లెక్కలు) అంకెలు పెరుగుతుంటే డిస్క్‌కే రోజులు దగ్గరపడ్డాయి, కొత్తది తెప్పించండి. 199లోని అంకె కేబుల్ మార్చినా తగ్గదు. ఇక పెరగకుండా ఆగిందా అన్నదే చూడాలి. ఆ తర్వాత 'జెడ్‌పూల్ క్లియర్' చేసి స్క్రబ్ (పూల్‌లోని డేటా మొత్తం చదివి సరిచూసే పని) నడపండి. క్లియర్ చేస్తే లెక్క చెరుగుతుంది తప్ప లోపం పోదు.

ఇక్కడొక నియమం గట్టిగా పట్టుకోండి: షెల్ చూడటానికే, మార్చడానికి కాదు. ట్రూనాస్ సెట్టింగ్స్ అన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయి, కాన్ఫిగ్ ఫైళ్లు దాని నుంచే తయారవుతాయి. సాంబా (విండోస్ షేర్లు నడిపే ప్రోగ్రామ్) ఫైల్‌ని చేత్తో దిద్దితే ఆ మార్పు మళ్లీ ఫైల్ తయారైనప్పుడు కొట్టుకుపోతుంది. డిస్క్ మార్పిడి కూడా షెల్‌లో చేయొద్దు, వెబ్ పేజీ వేసే పార్టిషన్ అందులో పడదు. సెట్టింగ్ మార్చక తప్పకపోతే 'మిడ్‌సీఎల్‌టీ కాల్' వాడండి. వెబ్ పేజీ మాట్లాడే మిడిల్‌వేర్‌తోనే (సెట్టింగ్స్ అమలు చేసే లోపలి ప్రోగ్రామ్‌తోనే) అదీ మాట్లాడుతుంది. పెండింగ్ అలర్టులు చూడాలంటే దాని పక్కన 'అలర్ట్ డాట్ లిస్ట్' చేర్చితే చాలు. అది కూడా జవాబివ్వకుండా ఆగిపోతే మిడిల్‌వేరే ఇరుక్కుందన్నమాట. ట్రూనాస్ స్కేల్‌లో (లినక్స్ మీద నడిచే ట్రూనాస్‌లో) 'సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ మిడిల్‌వేర్డ్' కొట్టండి. చాలాసార్లు పేజీ తిరిగి వస్తుంది.

నెట్‌వర్కే పోయిందా? మానిటర్, కీబోర్డ్ తగిలిస్తే కన్సోల్ మెనూ వస్తుంది, ఐపీ అక్కడే సరిచేయవచ్చు. అదే మెనూలో కాన్ఫిగరేషన్‌ని మొదటికి తెచ్చే వరుస కూడా ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి.

రోజువారీ నిఘాకి ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల స్థితిని నెట్‌వర్క్ ద్వారా అడిగే పద్ధతి) ఉంది, యూడీపీ పోర్ట్ 161. వెర్షన్ 2సీలో కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డ్‌లా వాడే మాట) నెట్‌వర్క్‌లో బాహాటంగా ప్రయాణిస్తుంది కాబట్టి వెర్షన్ 3 పెట్టుకోండి. ఎస్‌ఎన్‌ఎంపీ ఇచ్చే స్టోరేజ్ పట్టికలో సైజ్ బైట్లలో రాదు, యూనిట్లలో (కొన్ని బైట్ల ముక్కల్లో) వస్తుంది. ఆ అంకె 2147483647 దాటలేదు. యూనిట్ 4096 బైట్లయితే 8 టెబీబైట్ల దగ్గర లెక్క తప్పి, కొన్ని పాత ఏజెంట్లు (నాస్‌లో ఉండి ఎస్‌ఎన్‌ఎంపీ జవాబులిచ్చే ప్రోగ్రాములు) మైనస్ అంకె చూపిస్తాయి. కొత్తవి యూనిట్‌నే పెంచేస్తాయి. అందుకే గుణించే యూనిట్‌ని స్క్రిప్ట్‌లో రాసిపెట్టకుండా ప్రతిసారీ నాస్‌నే అడగాలి. పూల్ ఎంత నిండిందో మాత్రం 'జెడ్‌పూల్ లిస్ట్'లోని క్యాప్ గడిలోనే చూడండి. 80 శాతం దగ్గర హెచ్చరిక పెట్టుకోండి.

అభ్యాసం: వెబ్ పేజీ తెరవకుండా ఒక్కో డిస్క్ సీరియల్ నంబర్, దాని 5, 197, 198, 199 వరుసల అంకెలు కాగితం మీద రాయండి. వారం తర్వాత మళ్లీ రాసి పోల్చండి. వచ్చే పాఠంలో ఈ పనినే క్రాన్‌కి (పనుల్ని వేళకు తానే నడిపే ప్రోగ్రామ్‌కి) అప్పగిద్దాం.