కొండ పొలంలో సెన్సర్లు మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

కొండ వాలులో పెట్టిన పరికరం సరిగా పనిచేయకపోతే ముందు అనుమానించాల్సింది పరికరాన్ని కాదు, అది ఉన్న చోటును. కొత్తది కొనేలోపు ఇవి చూడండి.

సమస్య: ఒక్క మడి నుంచే సమాచారం రావడం లేదు

సెన్సర్లు తక్కువ కరెంటుతో సమాచారం పంపే లోరా రేడియో మైదానంలో కిలోమీటర్ల దూరం అందుతుంది. మధ్యలో కొండ మలుపు అడ్డొస్తే మాత్రం కూతవేటు దూరానికే తెగిపోవచ్చు. సెన్సర్ పక్కన నిలబడి చూడండి. గేట్‌వే (సెన్సర్ల సమాచారాన్ని అందుకుని ఇంటర్నెట్‌కు చేర్చే పెట్టె) యాంటెన్నా కంటికి ఆనకపోతే కారణం దాదాపు దొరికినట్టే. గేట్‌వేను ఎక్కువ మడులు కనిపించే ఎత్తుకు మార్చండి. పంట ఏపుగా పెరిగాకే సంకేతం తగ్గిందంటే తడి ఆకులు అడ్డుపడుతున్నట్టు. యాంటెన్నాను పైరుకన్నా ఎత్తైన గుంజకు కట్టండి. సందేశాన్ని నెమ్మదిగా పంపి ఎక్కువ దూరం చేర్చే ‘స్ప్రెడింగ్ ఫ్యాక్టర్’ అనే సెట్టింగ్‌ను 7 నుంచి 12 దాకా పెంచే వీలుంది. కానీ ఒక్కో అంకెకు ప్రసార సమయం దాదాపు రెట్టింపై బ్యాటరీని తినేస్తుంది. దాన్ని ఆఖరి మార్గంగానే ఉంచుకోవాలి.

సమస్య: మంచు హెచ్చరిక రాలేదు, తెల్లారేసరికి పైరు మాడింది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతుందని వాతావరణ కేంద్రాన్ని కొండ నెత్తిన పెడుతుంటారు. 1000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క తప్పేమీ కాదు. కానీ మబ్బూ గాలీ లేని రాత్రుల్లో అది తలకిందులవుతుంది. నేల వేడిని కోల్పోతే, దాన్ని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి పల్లంలోనో, రాతి గోడ వెనుకో నీరులా నిలుస్తుంది. పైన 4 డిగ్రీలు చూపుతుండగానే కింద గడ్డి మీద తెల్లటి పొర కట్టవచ్చు. అట్టడుగు మడిలో, పైరు ఎత్తులో, ఎండ తగలని కవచంలో ఇంకో ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టండి. హెచ్చరిక సున్నా దగ్గర కాదు, 2 డిగ్రీల దగ్గరే మోగాలి. నిద్ర లేచి పొలం చేరడానికి సమయం కావాలి కదా!

సమస్య: వాన కురిసినా తేమ సెన్సర్ ‘పొడి’ అంటోంది

సెన్సర్‌ను మెల్లగా కదిపి చూడండి. ఊగుతోందంటే పక్కన గాలి సందు ఉంది. రాళ్ల నేలలో ఇది మామూలే. బయటికి తీసి, అదే గుంతలోని మట్టిని జల్లించి, నీళ్లతో చిక్కగా కలిపి పోసి, మళ్లీ గుచ్చండి. నేల సర్దుకునేదాకా అంకెలను నమ్మవద్దు. పై మడి ముందే ఆరుతుంది కాబట్టి, ఒక్క సెన్సర్‌ను చూసి కొండంతటికీ నీళ్లు వదలకండి.

సమస్య: చలికాలంలో బ్యాటరీ నిలవడం లేదు

సౌర ఫలకం మీద కొండ నీడ ఎన్ని గంటలు పడుతోందో డిసెంబరులో చూడాలి, వేసవిలో కాదు. మరొకటి, సున్నాకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ఛార్జ్ చేస్తే మామూలు లిథియం బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. ఛార్జింగ్‌ను ఆపే రక్షణ ఉన్నది వాడండి. రోజుకు నాలుగైదు సందేశాలే పంపే సెన్సర్‌కైతే ఫలకం లేకుండా, రీఛార్జ్ చేయకూడని, ఏళ్ల తరబడి నిలిచే లిథియం థయొనైల్ క్లోరైడ్ బ్యాటరీ చాలు.

సమస్య: డ్రోన్ పిచికారీ ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పడుతోంది

డ్రోన్ ఎత్తును ఎగిరిన చోటు నుంచి కొలుస్తోంది. నేల ఎత్తును అనుసరించే సదుపాయాన్ని ఆన్ చేయండి. అది లేకపోతే వాలుకు అడ్డంగా, మడి తర్వాత మడిగా ఎగరేయండి.