మెమరీ కార్డు లాక్ ఊడిపోతే సెల్లో టేప్ ముక్క

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో సూర్యోదయం తీద్దామని కెమెరా ఎత్తితే ‘కార్డ్ లాక్‌డ్’ అంటుంది. తీసి చూస్తే ఎస్‌డీ కార్డు పక్కనుండే చిన్న ప్లాస్టిక్ మీట అరిగి వదులైపోయి ఉంటుంది, లేదా అసలు ఊడిపోయే ఉంటుంది. నాది ఊడిపోయింది.

కెమెరా ఆపేసి కార్డు తీయండి. స్టిక్కర్ మీవైపు, కోసినట్టుండే మూల పైన కుడివైపు ఉండేలా పట్టుకుంటే మీట జాగా ఎడమ అంచున కనిపిస్తుంది. ఆ గాడి పైభాగం మూసుకునేలా సన్నటి సెల్లో టేప్ ముక్క, సుమారు 5 మిల్లీమీటర్లది, ముందు నుంచి వెనక్కి మడిచి అతికించండి. ఒక్క పొరే. గోటితో గట్టిగా రుద్దండి, అంచు లేవకూడదు. వెనకున్న బంగారు రంగు పట్టీల మీదికి టేప్ పోనివ్వకండి. మీట ఉండి, వదులుగా జారుతున్నా అంతే: పైకి నెట్టి దాని మీద అతికించండి.

కార్డు లోపలికి బిగువుగా వెళ్తుంటే తోయకండి. టేప్ స్లాట్‌లో ఊడిందంటే రిపేరు ఖర్చు కొత్త కార్డును మించిపోవచ్చు. మన సముద్రపు తేమకి జిగురు త్వరగానే వదిలేస్తుంది కూడా. అందుకే ఇది ఆ పూటకే. ఇంటికి రాగానే ఫోటోలు కాపీ చేసుకుని కార్డు మార్చేయండి. ప్లాస్టిక్ చీలినా, ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతున్నా ఈ టేప్ పనికిరాదు.